రెండోసారి అడిగితే

వెర్నా టోలెఫ్సన్ పేపర్లు దిద్దుతూ పైకే మాట్లాడుతుంది.

"నాయనా, పేరా మార్చవయ్యా. ఊపిరాడటం లేదు నాకు," అంటుంది కంప్యూటర్ తెరతో. ఇంకో పేపరు వస్తే "ఈ తాతయ్యని కిందటి వారమే వేరే అమ్మాయి తన వ్యాసంలో చంపేసింది కదే తల్లీ, మళ్లీ చంపావా?" అని నవ్వుతుంది. వంటింటి బల్ల మీద కంప్యూటర్, పక్కన కాఫీ కప్పు, ఎదురుగా ఉన్న కుర్చీ మీద పాత వార్తాపత్రికల దొంతర. ఆవిడ ఎంత గట్టిగా మాట్లాడినా అభ్యంతరం చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే గడ్డకట్టిన సరస్సు, దాని మీద మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టుకునేవాళ్ల చెక్క గుడిసెలు కనిపిస్తాయి. మార్చి వచ్చిందంటే మంచు కరగకముందే వాటిని ఒడ్డుకి లాగేసుకోవాలి. అందరూ లాగేసుకుంటున్నారు.

కాలేజీ ప్రవేశ పరీక్షలో ఆఖర్న రాత భాగమని ఒకటుంది. ఒక ప్రశ్నిచ్చి, అరగంటలో పెన్సిల్‌తో వ్యాసం రాయమంటారు. దేశంలో ఏ మూల పిల్లలు రాసినవో ఆ కాగితాల ఫోటోలు వెర్నా తెర మీదికి ఒకదాని తర్వాత ఒకటి వస్తూ ఉంటాయి. పేరుండదు, ఊరుండదు. చదివి, ఆరుకి ఎంతో ఒక అంకె నొక్కాలి. అదే పేపరు ఇంకెక్కడో ఇంకెవరి వంటింట్లోనో ఇంకొకరు చదివి వాళ్ల అంకె నొక్కుతారు. రెండూ దగ్గరగా ఉంటే సరి. మధ్యమధ్య దిద్దేవాళ్లని కూడా దిద్దుతారు లెండి. పైవాళ్లు ముందే మార్కు తేల్చిపెట్టిన తనిఖీ పేపర్లు కొన్ని ఆ గుంపులో కలిసి వస్తాయి. ఏది తనిఖీదో, ఏది అసలుదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఈ ఏడాది ప్రశ్న, హైస్కూలు పిల్లలు చదువుకుంటూ ఉద్యోగం చెయ్యడం మంచిదా కాదా అని. పిల్లలందరూ ఒకే బండెక్కినట్టు ఒకే దారిన పోతున్నారు. "ఒకవైపు చూస్తే" అని మొదలుపెట్టి, "మరోవైపు చూస్తే" అని తిప్పి, "కాబట్టి" అని దిగిపోతున్నారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన వెర్నాకి ఆ బండి చప్పుడు కొత్త కాదు. అయినా ప్రతి పేపర్నీ మొదట్నించి చివరిదాకా చదువుతుంది. పైపైన చూసి అంకె వెయ్యడం ఆవిడకి చేతకాదు. ఒక పిల్లో పిల్లాడో కూర్చుని రాసినదాన్ని తను కూర్చుని చదవకపోతే ఎట్లా అనేది ఆవిడ పట్టుదల.

ఆ మంగళవారం ఒక పేపరు వచ్చింది. పెన్సిల్ అదిమి అదిమి రాసిన అక్షరాలు. పేరాల్లేవు. పిల్లాడో పిల్లో తెలియదు గానీ వెర్నా పిల్లాడనే అనుకుంది.

"నేను కోళ్ల ఫారంలో గుడ్లు ఏరతాను," అని మొదలైంది. "అది మంచిదా కాదా నాకు తెలీదు. ఇంటికొచ్చేసరికి ఎవరూ ఉండరు. మా అమ్మ షిఫ్టు అప్పుడే మొదలవుతుంది. రేడియో పెట్టుకుంటాను, ఎవరో ఒకరు టైమెంతయిందో చెబుతారని. సింకు దగ్గర నిలబడే తింటాను. బల్ల దగ్గర కూర్చుంటే ఒంటరిగా తింటున్నట్టు ఉంటుంది. నిలబడితే ఏదో ఆకలేసి తిన్నట్టు ఉంటుంది. ఫారంలో మేనేజరు ఎలా ఉన్నావంటాడు. బానే ఉన్నానంటాను. మా వైపు ఎవరైనా అంతే, కాలు విరిగినా బానే ఉన్నామంటారు. మొదటిసారి అడిగేది అడగడం కాదు, పలకరింపు. రెండోసారి అడిగితే మాత్రం చెబుతాను. ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. రెండోసారి అడిగితే"

అక్కడితో ఆగిపోయింది. టైమయిపోయి ఉంటుంది.

వెర్నా కింద ఇంకేమన్నా ఉందేమోనని కాగితాన్ని కిందికి జరిపింది. ఖాళీ గీతలు. మళ్లీ మొదటికెళ్లి చదివింది. తలెత్తి సింకు వైపు చూసింది. పొద్దున నిలబడి తిన్న టోస్టు పొడి ఇంకా దాని అంచునే ఉంది.

"చెప్పు మరి," అంది తెరతో. "అడుగుతున్నాగా."

ఆ పేపరుకి ఎంతో ఆవిడకి తెలుసు. వాదన లేదు, పేరాల్లేవు, ముగింపు లేదు, అడిగిన ప్రశ్నకి జవాబే లేదు. రెండు. నిద్రలో లేపి అడిగినా రెండే అంటుంది. వేలు రెండు మీద పెట్టి, తీసి, అయిదు నొక్కింది. అంతటితో ఊరుకోలేదు. తెర మూల ఎర్ర బటన్ ఒకటుంటుంది, ఆపదలో ఉన్న పిల్లలెవరైనా కనబడితే నొక్కమని. అది నొక్కింది. కారణం రాయమని గడి తెరుచుకుంటే, "ఈ పిల్లాణ్ణి ఎవరైనా రెండోసారి అడగండి," అని రాసింది.

ఆ తర్వాత మధ్యాహ్నం దాకా వచ్చినవన్నీ "ఒకవైపు", "మరోవైపు"లే. ఆవిడ వాటితో ఏమీ మాట్లాడలేదు.

*

ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు కదా, బుధవారం సాయంత్రాలు చర్చి కింద హాల్లో సూపు, రొట్టె పెడతారు. ఉపవాసమంటే ఆ ఊరివాళ్ల లెక్కలో రెండు గిన్నెల బఠాణీ సూపు, ఆపైన పళ్లెంలో కాల్చి ముక్కలు కోసిన తీపి బిళ్లలు. వెర్నా స్నేహితురాలు ఆర్డిస్ లిండ్‌క్విస్ట్ ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకుంది. ఆవిడ గరిటె పట్టిన చోట ఎవరూ ఆకలితో వెళ్లరు, ఎవరి సంగతీ దాగదు.

"ఏమే వెర్నా, సమయానికొచ్చావు. మా మనవరాలు బ్రిట్టా పొద్దున్నుంచీ నా ప్రాణం తీస్తోంది. ఆ పరీక్షలో రాత భాగం ఇష్టముంటే రాయొచ్చట, లేకపోతే మానేయొచ్చట. రాయాలా, వద్దా?"

"నన్నడుగుతావేం, కాలేజీలో చేర్చుకునే పెద్దమనిషి అక్కడుంటే."

తీపి బిళ్లల పళ్లెం దగ్గర డ్వేన్ నైగార్డ్ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు వెర్నా క్లాసులో ఆఖరి బెంచీ. ఇప్పుడు ఊరి కాలేజీలో అప్లికేషన్లు చూసే ఆఫీసరు. పళ్లెంలో ఒక్క బిళ్లే మిగిలింది. ఆఖరి ముక్క ఎత్తుకుపోయాడన్న మాట ఆ ఊళ్లో ఎవరూ పడరు. డ్వేన్ దాన్ని చాకుతో సగం కోసి, సగం తీసుకుని, సగం వదిలాడు.

"ఏరా డ్వేనూ," అంది ఆర్డిస్, "ఆ రాత భాగం మార్కులు మీరు చూస్తారా?"

డ్వేన్ వెర్నా వైపు చూసి ముక్క మింగాడు. "మేడమ్ ముందు అబద్ధమాడితే నాకు అన్నం పుట్టదు. చూడమండీ."

"చూడరా?" అంది వెర్నా.

"అంటే, వస్తుంది మేడమ్. ఒక గడిలో అంకె వస్తుంది. ఆ గడి దాటి పక్క గడిలోకి వెళ్లిపోతాం. లెక్కల మార్కు చూస్తాం, స్కూలు మార్కులు చూస్తాం. ఇంట్లో నలుగురు కూర్చుని దిద్ది పంపే వ్యాసం ఒకటుంటుందిగా, అది చదువుతాం. ఇది మాత్రం..."

"వేరే కాలేజీలు?"

"కొన్ని చూస్తాయంటారు. నాకు తెలిసినవాళ్లెవరూ చూడరు."

"మరి పిల్లలు రాసిన కాగితం?"

"అది మా ఆఫీసు గడప తొక్కదు మేడమ్. తొక్కినా చదివే తీరికెవరికుంది?"

ఆర్డిస్ గరిటె ఆపింది. "అయితే మా వెర్నా శీతాకాలమంతా ఇంట్లో కూర్చుని, కళ్లు పోగొట్టుకుని దిద్దుతున్నదంతా అడవిగాచిన వెన్నెలేనా?"

"అంత మాట నేననలేదు," అన్నాడు డ్వేన్ చెవులెర్రబడుతుంటే. "మేడమ్ ఎంత శ్రద్ధగా చేస్తారో నాకు తెలీదా."

"శ్రద్ధకేం గానీ," అంది వెర్నా. గిన్నెలో చెంచా తిప్పుతూ, మామూలు విషయం అడుగుతున్నట్టు అడిగింది. "ఎవరైనా ఒక పిల్లాడు ఆ కాగితం మీద మనసులోది రాశాడనుకో. నాకెవరూ లేరని రాశాడనుకో. అది ఎవరికి చేరుతుంది?"

డ్వేన్ నిజంగానే ఆలోచించాడు. "మాకైతే చేరదు. మీకు చేరుతుంది. అంతే అనుకుంటా."

ఆర్డిస్ మళ్లీ గరిటె తిప్పింది. అప్పుడు డ్వేన్, మాట మార్చడానికి, "మీరెలా ఉన్నారు మేడమ్?" అన్నాడు.

"బానే ఉన్నా."

"మంచిది," అని అతను మిగిలిన సగం బిళ్లని మళ్లీ సగం కోశాడు.

వెళ్లేటప్పుడు ఆర్డిస్ ప్లాస్టిక్ డబ్బాలో సూపు పోసి వెర్నా చేతిలో పెట్టింది. "నీ వంట నాకు తెలుసు. తిను," అంది. బ్రిట్టా సంగతి ఆలోచించి చెబుతానని వెర్నా ఇంటికొచ్చింది. దారంతా మంచు కరిగి బూట్లకింద చప్పుడు చేస్తోంది. చూడరట. గడి దాటి వెళ్లిపోతారట. ఆవిడకి కోపం రాలేదు, అంతకన్నా చెడ్డది వచ్చింది, సిగ్గు. ఇన్నాళ్లూ ఖాళీ హాల్లో పాఠం చెబుతున్నానా అనిపించింది. పోనీ, అది తన గొడవ. కానీ ఆ ఎర్ర బటన్ నొక్కింది కదా, అదైనా ఎవరో ఒకరికి చేరి ఉంటుంది. కాలేజీకి అక్కర్లేకపోతే పోయె, ఆ పిల్లాడి స్కూల్లో ఎవరో ఒకరు పిలిచి అడుగుతారు. ఆ ఆశ ఒక్కటీ చంకనబెట్టుకుని నిద్రపోయింది.

*

గురువారం పొద్దున కాఫీ పోసుకుని కంప్యూటర్ తెరిస్తే పేపర్లు రాలేదు. "మీ పని ప్రస్తుతం ఆపివేయబడింది. మీ పర్యవేక్షకురాలితో మాట్లాడండి," అని వచ్చింది.

వెర్నాకి ఒకటే తోచింది. పిల్లాడు దొరికాడు! లేకపోతే మాట్లాడమని ఎందుకంటారు? పర్యవేక్షకురాలు రొవీనా స్ప్రాట్ ఎక్కడో ఒహాయోలో ఉంటుంది. ఆవిడా ఇంటినుంచే పని చేస్తుంది. ఇద్దరూ ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఆవిడ ఫోనెత్తగానే వెర్నా నమస్కారం కూడా చెప్పలేదు.

"దొరికాడా?"

"ఎవరండీ?"

"ఆ పిల్లాడు. కోళ్ల ఫారం పిల్లాడు. బటన్ నొక్కాను కదా మొన్న."

అవతల రొవీనా ఏదో కప్పు కింద పెట్టిన చప్పుడైంది. "వెర్నా గారూ, అది తనిఖీ పేపరండీ."

"అంటే?"

"అంటే ఆ పరీక్ష అయిపోయి ఏళ్లయింది. ఈ ప్రశ్న పాతదే, మళ్లీ మళ్లీ ఇస్తుంటారు. ఆ పేపరుకి రెండని అప్పుడే తేల్చారు. అప్పట్నించీ అది దిద్దేవాళ్ల ముందుకి తిరుగుతూనే ఉంది. మీరు అయిదేశారు. మూడు మార్కుల తేడా వస్తే మెషీనే ఆపేస్తుంది, నా చేతిలో ఏం లేదు."

"మరి వాడిప్పుడెక్కడున్నాడు?"

"పేరే తెలీదు కదండీ మనకి. పెళ్లయిపోయి పిల్లలున్నారేమో కూడా."

"లేడేమో కూడా."

అవతల కప్పు మళ్లీ బల్లకి తగిలిన చప్పుడైంది.

"ఎంతమంది చదివుంటారది?" అంది వెర్నా.

"దిద్దే ప్రతివాళ్లూ చదువుతారు. వేలమంది. పైవాళ్లు దాన్ని తియ్యరండీ. బాగా పనికొస్తుందంటారు."

"దేనికి?"

రొవీనా దాచలేదు. "జాలిపడి మార్కులేసేవాళ్లని పట్టుకోడానికి."

కిటికీలోంచి చూస్తే ఎవరో ట్రక్కుకి తాడు కట్టి తన గుడిసెని మంచు మీంచి లాక్కుపోతున్నాడు. అది లేచిన చోట గుండ్రటి కన్నం మిగిలింది. వెర్నాకి ఒళ్లు మండిపోయింది. ఆ పిల్లాడి ఒంటరితనాన్ని ఎరగా గుచ్చి, ఏటా కన్నంలో వేసి, ఎవరు కొరుకుతారా అని కూర్చున్నారన్నమాట. అందులో ఒక్కరైనా వాణ్ణి వెతకలేదు.

"బావుందమ్మా మీ పద్ధతి," అంది. "చాలా బావుంది."

"పద్ధతి నాది కాదండీ." రొవీనా గొంతు తగ్గింది. "మొదటిసారి నాకొచ్చినప్పుడు నేను నాలుగేశాను. ఆ బటన్ నేనూ నొక్కాను."

"తర్వాత?"

"తర్వాతేముంది. రెండని నేర్చుకున్నాను." ఆమె గొంతు సవరించుకుని మళ్లీ ఆఫీసు మనిషి అయింది. "రేపు పొద్దున మీకు తనిఖీ పేపర్ల చిన్న కట్ట ఒకటి పంపిస్తారు. అందులో మీ అంకెలు కలిస్తే మళ్లీ పని మొదలవుతుంది. కలవకపోతే మాత్రం మిమ్మల్ని ఇంక పిలవరు. ఇది నేను చెప్పకూడదు గానీ, ఆ కట్టలో అదీ ఉంటుంది."

ఆ రోజు వెర్నాకి చెయ్యడానికేమీ లేకపోయింది. స్టవ్వు తుడిచింది. తుడిచిన స్టవ్వునే మళ్లీ తుడిచింది. అలవాటుగా "ఇక చాల్లే," అంది పైకి, ఎవరితోనో తెలియకుండానే. ఎన్ని తిట్టుకున్నా, పొద్దునే తెర వెలగ్గానే ఆ ఇంట్లోకి పిల్లలు వచ్చేవాళ్లు. చచ్చిన తాతలతో, గెలిచిన ఫుట్‌బాల్ ఆటలతో, బండి కొనుక్కోవాలన్న కోరికలతో వచ్చేవాళ్లు. మార్కులు ఎవరికీ అక్కర్లేకపోవచ్చు, ఆవిడకి ఆ పిల్లలు కావాలి. ఇంక రాకపోతే ఈ ఇంట్లో మాట అనేది రేడియోలో తప్ప ఉండదు. సాయంత్రం రేడియో పెట్టింది. టైమెంతయిందో ఒకాయన చెప్పాడు. వెర్నా చటుక్కున ఆపేసింది.

*

శుక్రవారం కట్ట వచ్చింది. మొదటి నాలుగూ సులువుగానే అయిపోయాయి. అయిదోది అదిమి రాసిన అక్షరాలు.

చదవనక్కర్లేదు. అంకె తెలుసు, మాటలూ తెలుసు. అయినా వెర్నా కళ్లజోడు తుడుచుకుని మొదట్నించి చివరిదాకా చదివింది. ఆఖరి మాట దగ్గర ఆగింది. అయిదు నొక్కొచ్చు. నొక్కి, ఈ కంప్యూటర్‌ని అటక మీద పడేసి, తలెత్తుకుని తిరగొచ్చు. ఎవరికి తెలుస్తుంది? ఆ పిల్లాడికి తెలియదు, మెషీనుకి ఒక తప్పు, పైవాళ్లకి ఒక మనిషి తక్కువ. ఆ మాత్రం దానికి ఈ ఇంటి తలుపు శాశ్వతంగా మూసుకోవాలా?

"క్షమించు నాయనా," అని రెండు నొక్కింది.

పచ్చటి అక్షరాల్లో "సరి" అని వచ్చింది. ఆవిడ జన్మలో ఒప్పయిన జవాబు అంత చేదుగా ఎప్పుడూ లేదు.

మధ్యాహ్నానికల్లా పేపర్లు మళ్లీ రావడం మొదలైంది. ఒకవైపు, మరోవైపు. లేచి, ఆర్డిస్ ఇచ్చిన సూపు వేడి చేసుకుని, గిన్నె పట్టుకుని సింకు దగ్గర నిలబడేసరికి ఫోను మోగింది. ఆర్డిస్.

"ఏం తేల్చావే? బ్రిట్టా రాయాలా వద్దా?"

"రాయమను."

"వాళ్లు చూడరన్నాడుగా డ్వేను?"

"వాళ్లు చూడరు. మేం చూస్తాం. అయిదు పేరాలు రాయమను. ఒకవైపు, మరోవైపు, కాబట్టి. మనసులోది మాత్రం అందులో రాయొద్దని చెప్పు. దానికి రెండేస్తారు."

"ఎవడా దుర్మార్గుడు?"

"నేనే," అంది వెర్నా.

ఆర్డిస్ నవ్వబోయి ఆగింది. "నీ గొంతేంటి అదోలా ఉంది? బానే ఉన్నావా?"

"బానే ఉన్నా."

"సరే అయితే. డబ్బా ఆదివారం తెచ్చెయ్," అని ఆర్డిస్ పెట్టేసింది. ఆవిడ తప్పేం లేదు. ఆ ఊళ్లో ఎవరైనా అంతే చేస్తారు. వెర్నా అయినా అంతే చేసేది.

రెండు చెంచాలు తాగిందో లేదో మళ్లీ మోగింది. ఈసారి రొవీనా.

"అన్నీ కలిశాయండీ. పేపర్లు వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"మంచిది. అది చెబుదామనే చేశాను." రొవీనా పెట్టెయ్యలేదు. "మీరెలా ఉన్నారు వెర్నా గారూ?"

"బానే ఉన్నానమ్మా."

అవతలినుంచి చప్పుడు లేదు. పెట్టేసిందేమోననుకుని వెర్నా ఫోను చెవినుంచి తియ్యబోయింది.

"అది కాదండీ," అంది రొవీనా నెమ్మదిగా. "ఎలా ఉన్నారు?"

వెర్నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఈ పిల్ల కూడా అది చదివింది. ఎన్నిసార్లు చదివిందో, ఎన్నిసార్లు రెండు నొక్కిందో. నొక్కి, ఊరికే వదిలెయ్యలేదు. అయితే ఆ పిల్లాడు రాసింది ఎక్కడికీ చేరకుండా పోలేదు.

ఎదురు కుర్చీ మీది పత్రికలు కింద పెట్టింది. గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఏం చెప్పాలో ఆవిడేమీ అనుకుని పెట్టుకోలేదు.

"కొంచెంసేపు పడుతుందమ్మా," అంది.

"పట్టనివ్వండి," అంది రొవీనా. ఆమె కూడా కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.